కమలాకుమారి చేతి తూకం

ఢిల్లీ కంటోన్మెంటులోని ఆ పాత చర్చికి ఆదివారం నాలుగు భాషలవాళ్లు వంతులవారీగా వచ్చేవారు. చల్లటి పొద్దుపూట ఇంగ్లీషువాళ్లది. కాస్త ఎండెక్కాక హిందీవాళ్లది, ఆ తరువాత తమిళులది. అందరూ ఏరుకోగా మిగిలిన మధ్యాహ్నం రెండు గంటల వేళ తెలుగువాళ్లకు దక్కింది. మే నెలలో ఆ వేళకు ప్రసంగం మధ్య మెలకువగా ఉండేది ప్రసంగించే అయ్యగారొక్కరేనని హవల్దారు పెద్దిరాజు అనేవాడు. అన్న మరుక్షణం తనూ తల వాల్చేవాడు.

ఆయన భార్య కమలాకుమారి మాత్రం నిటారుగా కూర్చునేది. ఆరాధన ముగిస్తే ఆమె పని మొదలవుతుంది మరి.

అది పిడికెడు బియ్యం పని. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యటం, ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో గుమ్మరించటం. ఈ ఆచారం గుంటూరు జిల్లా నుంచి ఆడవాళ్ల ట్రంకుపెట్టెలతోపాటే రైలెక్కి వచ్చింది. ఊళ్లో అయితే అందరివీ ఒకే రకం బియ్యం. ఇక్కడ మేజరుగారింటి బాసుమతి, సుబేదారుగారింటి సన్నబియ్యం, సిపాయిల ఇళ్లలోని రేషను బియ్యం అన్నీ ఒకే గోతంలో సెల్యూట్లు లేకుండా కలిసిపోయేవి. అవి వండితే ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు జావ. అయినా స్త్రీల సమాజం వేలం వేస్తే ఎవరో ఒకరు పాడుకునేవారు.

వేలానికి ముందు తూకం వెయ్యాలి. అందుకని చర్చి వెనక హాల్లో దూలానికి పెద్ద తక్కెడ ఒకటి వేలాడేది. అది చెప్పేలోపు కమలాకుమారే చెప్పేసేది. గోతం మూతి పట్టుకుని జానెడు ఎత్తు లేపి, కళ్లు మూసుకుని, "పదకొండుంబావు" అనేది. తక్కెడ కూడా పదకొండుంబావే అనేది. ఏనాడైనా తేడా వస్తే తక్కెడకే ఏదో అయిందని అందరూ దాని గొలుసులు సరిచేసేవారు.

"మా ఆవిణ్ణి డిపోలో కూర్చోబెడితే లారీల తూకం కూడా చెప్పేస్తుంది" అనేవాడు పెద్దిరాజు.

"నిన్నెత్తి చూశానుగా పెళ్లైన కొత్తలో. బరువు తప్ప ఇంకేం లేదు" అనేది కమలాకుమారి.

అలా సాగిపోతుండగా ఏషియాడ్ వచ్చింది. ఆటలు ఎనభై రెండు నవంబరులో అయితే, ఎనభై ఒకటి నుంచే ఊరంతా తవ్వి పోశారు. కంటోన్మెంటు దాటాక రింగ్ రోడ్డు మీద ఫ్లైఓవరు కడుతున్న చోట బస్సు ఆగినప్పుడు, ఇసకగుట్ట మీంచి "అమ్మా, ఆకలైతంది" అని ఓ చిన్న గొంతు వినబడింది. కమలాకుమారి కూరగాయల సంచీతో అక్కడే దిగిపోయింది. పాలమూరు జిల్లా నుంచి మేస్త్రి వెంట వచ్చిన కూలీల గుడిసెలవి. తల్లులు తట్టలు మోస్తుంటే పిల్లలు కంకరలో ఆడుతున్నారు. ఒకడు కంకర తింటున్నాడు కూడా.

ఆ పై ఆదివారం నుంచి పిడికెడు బియ్యం వేలం ఆగిపోయింది. వారమంతా తాళం వేసి ఉండే హాలును పగటిపూట పిల్లల కోసం తెరిపించింది కమలాకుమారి. సంఘ కార్యదర్శి ధర్మయ్య, రిటైరైన సుబేదారు, తాళంచెవి ఇవ్వటానికి మూడు మీటింగులు పెట్టాడు. మూడింటికీ ఆమె వెళ్లి కూర్చుంది. నాలుగోది పెట్టే ఓపిక ఆయనకు లేకపోయింది. పలుకూ జావా కలిసిన ఆ బియ్యంతో పప్పు వేసి వండిన కిచిడీ పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చింది. వాళ్లు దానికి వంకలు పెట్టటానికి వేరే కిచిడీ ఎరగరు.

చర్చిల తరపున పాలపొడి పంచే ఆఫీసు ఒకటి నగరంలో ఉండేది. వాళ్లు పాలపొడి ఇస్తామన్నారు. షరతు ఒకటే. ప్రతి పిల్లవాడికీ ఒక అట్ట ఉంటుంది. దాని మీద రెండు వంపు గీతలు అచ్చు వేసి ఉంటాయి. నెలనెలా పిల్లవాణ్ణి తూచి, ఆ బరువు దగ్గర చుక్క పెట్టాలి. చుక్క గీతల మధ్య ఉంటే ఒక వంతు పాలు. కింది గీత కంటే దిగువన ఉంటే రెండు వంతులు. అట్టలతోపాటు కొక్కెం ఉన్న తూనిక యంత్రం, పిల్లల్ని వేసి వేలాడదీయటానికి గుడ్డసంచీ కూడా పంపారు.

దాన్ని చూడగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకున్నారు.

"మేకను కోసినోడు ఇట్లనే ఏలాడదీస్తడు" అంది గౌరి. అందరికంటే ముందు మాట్లాడేది ఆమే. ఆమె కొడుకు పేరు చెన్నకేశవులు. రెండేళ్లవాడు. ఆ పేరు మోయటానికి వాడి ఒళ్లు చాలేది కాదు.

"ఏం కాదే, తూకమేగా."

"నువ్వెన్ని చెప్పినా నేనొప్ప అక్కా. పాలు ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు. పిల్లగాన్ని కొండికి తగిలియ్య."

కమలాకుమారి చెన్నకేశవుల్ని రెండు చంకల కిందా పట్టుకుని ఎత్తి, కళ్లు మూసుకుని, "ఎనిమిదీ ముప్పావు" అంది. అట్ట మీద చుక్క పెట్టింది. వరసగా ముప్పయ్యొక్కమందినీ అలాగే ఎత్తింది. పూట తిరక్కుండా అయిపోయింది. కొక్కెం యంత్రం బీరువా ఎక్కింది.

మూడు నెలలు గడిచాయి. అట్టల మీద చుక్కలు నిచ్చెన మెట్లలా పైకి పోయాయి. మేం పాలపొడి ఇచ్చే చోట్లలో ఇంత చక్కటి పిల్లలు ఇంకెక్కడా లేరని ఆఫీసువాళ్లు ఉత్తరం రాస్తే, కమలాకుమారి దాన్ని ఇస్త్రీ చేసి బైబిల్లో పెట్టుకుంది.

ఆ ఉత్తరాన్ని ఇరుగుపొరుగుకు చూపించటమే ఆమె చేసిన పొరపాటు. పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చిన ఆండాళ్ అది చదివింది. ఆండాళ్ తెనాలి వైష్ణవుల అమ్మాయి, కెమిస్ట్రీలో బీయస్సీ. ఎనిమిది నెలల పాప తల్లి. పాప ఒకసారి తుమ్మితే థర్మామీటరు, రెండుసార్లు తుమ్మితే రిక్షా. పాలసీసాను ఇరవై నిమిషాలు మరిగించి, గడియారం ఆగిందేమోనన్న అనుమానంతో మరో పది నిమిషాలు మరిగించేది. చర్చిలో తూనిక యంత్రం ఉందని తెలిశాక ఆమెకు కులమతాలు అడ్డురాలేదు. వారానికి రెండుసార్లు వచ్చి, బీరువాలోంచి కొక్కెం తీయించి, పాపను వేలాడదీసి, నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లేది.

ఒకనాడు అలా వచ్చి, బల్ల మీది అట్టలు తిరగేసింది.

"అక్కయ్యగారూ, ఈ చెన్నకేశవులు ఏం తింటాడండీ?"

"పెట్టిందల్లా తింటాడు, పిడుగు."

"మూడు నెలల్లో కిలోముప్పావు పెరిగాడు. ఈ లెక్కన వచ్చే ఏడాదికి వాణ్ణి మీరు ఎత్తలేరు. ఎలా తూచారూ?"

కమలాకుమారి తన రెండు చేతులూ చాపి చూపించింది. బియ్యం గోతాల సంగతీ, పదకొండుంబావు సంగతీ చెప్పింది. ఆండాళ్ శ్రద్ధగా విన్నది.

"గోతం వేరు అక్కయ్యగారూ. గోతం మిమ్మల్ని చూసి నవ్వదు."

కమలాకుమారికి కోపం వచ్చింది. మాట నిజం కావటం చేత కాస్త ఎక్కువగానే వచ్చింది. ఎత్తగానే మెడ చుట్టూ చేతులు వేసేవాడికి తక్కువ రాయటం ఆమె వల్ల అయ్యేది కాదు. ఏడవకుండా వచ్చినవాడికి ఒక పావు, నవ్వినవాడికి అర కలిసిపోయేవి. చెన్నకేశవులు ప్రతిసారీ నవ్వేవాడు.

ఆ వారమే ఆఫీసు నుంచి రెండో ఉత్తరం వచ్చింది. దాన్ని ఇస్త్రీ చెయ్యాల్సిన అవసరం రాలేదు. వచ్చే గురువారం ఆఫీసు డాక్టరమ్మ స్వయంగా వచ్చి, పిల్లల్ని తన ముందు తూయించి చూస్తారట. తూకాలు సరిగా వెయ్యని చోట పాలు ఆపేస్తారట.

"ఆపేస్తే?" అంది ఆండాళ్.

"ఆపేస్తే ముప్పయ్యొక్కమందికి ఉత్త కిచిడీనే." కమలాకుమారి గొంతు మొదటిసారి తగ్గింది. "పాలిప్పిస్తానని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేను. ఆ పాల కోసమే వాళ్లు పిల్లల్ని కంకర మీంచి తీసి నా చేతిలో పెట్టారు."

గురువారానికి ఆరు రోజులుంది. తల్లుల భయం తీర్చటానికి ఆండాళ్ తన పాపనే కొక్కేనికి వేలాడదీసి చూపించింది. పాప హాయిగా కాళ్లాడించింది. గౌరి మాత్రం పెదవి విరిచింది. "ఆ అమ్మ సదువుకున్నది. ఆమె బిడ్డకు దిష్టి తగలదు. మాకు తగుల్తది."

"పోనీ, ఆ పెద్ద తక్కెడలో కూర్చోబెడదామే. బియ్యం తూచేది" అంది కమలాకుమారి.

"అటుపక్క ఏమేస్తవు? ఇనుప గుండ్లేనా? గుండ్లతోని సామాన్లను తూస్తరు, పిల్లల్ని తూస్తరా?" అని లేచింది గౌరి. గుమ్మం దాకా పోయి ఆగింది. తక్కెడ వంక చూసింది. "అక్కా, ఒక మాట. పోయిన ఎండకాలం వీనికి తట్టు పోసింది. బతికితే జాతర్ల బెల్లంతోని తూపిస్తనని మొక్కుకున్న. మేస్త్రి ఊరికి పోనియ్యడు. మీ తక్కెడ ఒక్కరోజు ఇస్తవా?"

కమలాకుమారి ఇయ్యను అనబోయింది. చర్చి తక్కెడలో జాతర మొక్కు! నోరు తెరిచింది గాని, ఆండాళ్ ఆమె మోచెయ్యి గిల్లింది.

"అక్కయ్యగారూ, ఇవ్వండి. పిల్లవాణ్ణి బెల్లంతో తూస్తారు. వాడు దిగాక ఆ బెల్లాన్ని మనం గుండ్లతో తూద్దాం. బెల్లం బరువే వాడి బరువు. బెల్లానికి దిష్టి తగలదుగా?"

కమలాకుమారి ఆ పిల్ల వంక చూసింది. పాలసీసాలు మరిగించటానికే చదువు అంతా ఖర్చయిపోయిందనుకుంది ఇన్నాళ్లూ.

గౌరి మొక్కు కోసం దాచుకున్న బెల్లానికి మిగతా తల్లులు తలా ఒక గడ్డ కలిపారు. అంత బెల్లం ఒకచోట చేరాక, ఎవరికి వాళ్లకు తమ పిల్లలు కూడా ఎప్పుడో ఒకప్పుడు జబ్బుపడి లేచిన సంగతి గుర్తొచ్చింది. ఒకే బెల్లంతో అందరినీ తూచి, చివర్లో అందరూ పంచుకుతినాలని తీర్మానం అయిపోయింది. ఇంత త్వరగా తీర్మానం అయిన మీటింగు ఆ హాల్లో అంతకుముందు జరగలేదు.

కబురు ధర్మయ్యకు అందింది. ఆయన చేతికర్రతో వచ్చాడు.

"కమలమ్మా! ఏం జరుగుతోందిక్కడ? చర్చి హాల్లో జాతరా?"

"వందనాలు సుబేదారుగారూ. జాతర కాదండీ, తూకం."

"బెల్లంతో తూస్తే మొక్కే. నాకు తెలీదా? మా నాయనమ్మ నన్నూ తూచింది, బాప్తిస్మం పుచ్చుకోక ముందు."

"మరి మీకేం నష్టం కాలేదుగా. సుబేదారయ్యారు."

వెనక ఆండాళ్ నవ్వు ఆపుకోలేక పాపను ఎత్తుకుని అటు తిరిగింది. ధర్మయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"ఈ హాలు సంఘానిది. ఇందులో మొక్కులు జరిగాయని తెలిస్తే తమిళ సంఘం వాళ్లేమంటారు? అసలే మన రెండు గంటల వేళ మీద కూడా వాళ్ల కన్నుంది!"

"మొక్కు వాళ్లదండీ. మనం పాల కోసం తూస్తన్నాం. కోత పండగకి గుమ్మడికాయలు తూచిన తక్కెడే ఇది. గుమ్మడికాయకున్న పాటి పిల్లలకు లేదా? పోనీ మీరే చెప్పండి, గురువారం డాక్టరమ్మకి ఏం చూపించను? పాలు పోతే ఈ పిల్లలకి మీరేం చెప్తారు?"

ధర్మయ్య హాల్లోకి చూశాడు. ముప్పయ్యొక్కమంది బెల్లం వంక చూస్తున్నారు. ఆయన ఎంత కఠినమైన మనిషో అంత నిబంధనల మనిషి. చాలాసేపు గడ్డం నిమురుకుని, హాలు గుమ్మం బయట కర్రతో నేల మీద ఒక గీత గీశాడు.

"హాలు ఇక్కడిదాకా. ఇటుపక్క వరండా. వరండా గురించి సంఘ నిబంధనల్లో ఎక్కడా లేదు. తక్కెడ అక్కడ కట్టుకోండి. నేను చూడలేదు."

చూడలేదన్న మనిషి, దూలానికి తాడు సరిగ్గా కట్టటంలేదని తనే నిచ్చెన ఎక్కి కట్టాడు.

బుధవారం పొద్దున మొదట చెన్నకేశవుల్ని తక్కెడ బుట్టలో కూర్చోబెట్టారు. గౌరి పసుపు బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటూ బెల్లం వేసింది. ముల్లు నిలబడింది. వాణ్ణి దించి, బెల్లాన్ని గుండ్లతో తూచి, ఆండాళ్ చెప్పింది.

"ఎనిమిదింబావు."

"మళ్లీ తూచు" అంది కమలాకుమారి. అట్ట మీద పదిన్నర ఉంది.

మళ్లీ తూచారు. కాస్త తగ్గింది. మధ్యలో చెన్నకేశవులు ఒక గడ్డ నాకేశాడు. పిల్లపిల్లకూ బెల్లం తరిగిపోతోందనీ, అందుకని ప్రతి పిల్లవాడి తరువాతా కొత్తగా తూయాల్సిందేననీ ఆండాళ్ పట్టుబట్టింది. తను మాత్రం పాప నోట్లోకి బెల్లం వెళ్లకుండా కొంగుతో మూసి పట్టుకుంది. ఆ పాప కొంగునే చప్పరించింది.

ఎనిమిదింబావు దగ్గర ఆండాళ్ పెన్సిలుతో చుక్క పెట్టింది. అది కింది గీతకు బాగా దిగువన పడింది. కమలాకుమారి ఆ చుక్క మీద వేలు పెట్టింది.

"అంటే వీడికి రెండు వంతుల పాలు రావాలి."

"అవునండీ."

"మూణ్ణెల్లూ."

ఆండాళ్ తరువాతి అట్ట అందుకుంది. పంతొమ్మిదిమంది చుక్కలు అలా కిందే పడ్డాయి. ముద్దుకొద్దీ తను కలిపిన పావులూ అరలూ ఈ పిల్లల గ్లాసుల్లోంచే పోయాయని కమలాకుమారికి ఒక్కొక్క అట్టతో అర్థమవుతూ వచ్చింది. సాయంత్రం పెద్దిరాజు వచ్చేసరికి అట్టలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"కొత్త అట్టలు రాసెయ్" అన్నాడు పెద్దిరాజు. "పాతవి తడిసిపోయాయను."

"ఎలకలు కొట్టేశాయనటం మేలు" అన్నాడు తాడు చూడటానికి మళ్లీ వచ్చిన ధర్మయ్య. "తడవటానికి ఇప్పుడు వానల్లేవు."

"సుబేదారుగారూ, మీరేనా!"

"నేను వరండాలో మాట్లాడుతున్నాను" అన్నాడాయన.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద కళ్లద్దాలు. వరండాలో బెల్లం, బుట్ట, తక్కెడ చూసి ఆగిపోయింది. ఆండాళ్ ఇంగ్లీషులో అంతా వివరించింది. డాక్టరమ్మ ముగ్గురు పిల్లల్ని తన ముందే తూయించింది. ఆండాళ్ లెక్కకు యాభై గ్రాములు కూడా తేడా రాలేదు. తరువాత అట్టలు తీసింది. పాత చుక్కలు ఇంకుతో పైన, కొత్త చుక్క పెన్సిలుతో కింద. కమలాకుమారి ఒక్క అట్టా మార్చలేదు.

"దీదీ, యే ఊపర్‌వాలా వజన్ కిస్‌నే లియా?" పైనున్న తూకాలు ఎవరు వేశారని అడిగింది డాక్టరమ్మ.

"మైఁనే" అంది కమలాకుమారి. రెండు చేతులూ చాపింది. "హాథ్ సే." తరువాత తెలుగులోకి దిగిపోయింది. "నువ్వు చెప్పమ్మా ఆండాళ్. యంత్రం తప్పు కాదు, తల్లుల తప్పు కాదు. నేనే రాశాను. ఆపితే నా పని ఆపమను గాని, పిల్లల పాలు ఆపొద్దని చెప్పు."

ఆండాళ్ చెప్పింది. తన వంతుగా ఇంకేమైనా కలిపిందేమో తెలియదు, కమలాకుమారికి ఇంగ్లీషు రాదు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వకుండా ఉండటానికే తుడుచుకుందని పెద్దిరాజు తరువాత ప్రచారం చేశాడు. తొమ్మిది సెంటర్లలో తను చూసిన అట్టలన్నిట్లోనూ తప్పు చుక్కలు చెరిపేసి ఉన్నాయనీ, చెరపని అట్టలు ఇవేననీ ఆమె అంది. పంతొమ్మిదిమందికీ రెండు వంతులు రాసింది. మూడు నెలలపాటు తనే వచ్చి తూకం చూస్తానంది. ఇకమీదట చేతి తూకం బియ్యానికే, పిల్లలకు వద్దని కమలాకుమారి చేత ఒప్పించింది. వెళ్తూ వెళ్తూ ఒక బెల్లం గడ్డ నోట్లో వేసుకుంది.

శుక్రవారం పాలు పంచేటప్పుడు కమలాకుమారి, "గౌరీ, రేపణ్ణించి పెద్ద గిన్నె తెచ్చుకోవే. మీవాడికి రెండు వంతులు" అంది.

"ఎందుకు?"

"బక్కగా ఉన్నాడని రాశారు."

గౌరి కొడుకును చంక మార్చుకుంది. "ఎవరు రాసింది? నా కొడుకు బక్కగున్నడా? మొన్నటిదాంక పదిన్నర అని నువ్వే చెప్తివి గదా! అందరికీ చెప్పుకున్న నేను!"

"అది నా తప్పే. ఎనిమిదింబావే."

"నువ్వు చెప్పిందే మంచిగుండె."

"మంచిగుంటే పాలు సగం వస్తాయే పిచ్చిదానా. ఇలా రాస్తేనే నిండుగా వస్తాయి. పదిన్నరకు నిజంగా రానీ. అప్పుడు నేనే గుడిసె గుడిసెకూ తిరిగి చెప్తా."

గౌరికి పదిన్నరను వదులుకోవటం సుతరామూ ఇష్టం లేదు. వెనక నిలబడ్డ తల్లులు కదలమని తోస్తున్నారు. చివరికి వరస తప్పుకుని, గ్లాసు వెనక్కి తీసుకుని గుడిసె వైపు విసవిసా నడిచింది. అలిగి వెళ్లిపోయిందనుకున్నారు అందరూ.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో, ఇంటిల్లిపాదికీ అన్నం వండుకునే సర్వ ఉంది.

"పాలు పొయ్యి" అంది.